పెట్టెలోని చీరకు కత్తెర

జోగులమ్మ అత్తగారు గద్వాల చీర కట్టింది జీవితంలో ఒక్కసారే. కట్టింది అనడం కూడా సరి కాదు. కట్టారు. అప్పటికి ఆమె చనిపోయి నాలుగు గంటలైంది.

గద్వాలలోని ఆ నేతగాళ్ళ వీధిలో అది మూడు తరాల ఆచారం. షావుకారు తప్పు పట్టి తిప్పిపంపిన చీరల్లో ఒకదాన్ని ఇంటి ఆడమనిషి పేరు మీద ఇనుప పెట్టెలో దాస్తారు. ఆమె పోయిన నాడు దాన్ని తీసి మీద కప్పుతారు. చూడవచ్చినవాళ్ళు పట్టంచు చూసి, అదృష్టవంతురాలు, గద్వాల చీరతో పోయింది అని మెచ్చుకుంటారు. నలభై ఏళ్ళు ఆ చీరల కోసం వేళ్ళు అరగదీసుకున్న మనిషి బతికుండగా ఒక్కటైనా ఎందుకు కట్టలేదని అడిగే తెలివి ఆ గుంపులో ఎవరికీ ఉండదు. ఆనాడు జోగులమ్మకూ లేదు. అత్తగారి పాదాల మీద చెంగు సర్దుతుంటే వేలికి ఒక అతుకు తగిలింది. అది తన చేతి అతుకేనని మాత్రం గుర్తుపట్టింది.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ చెంగూ పట్టు. నూలు పడుగు ముగిసిన చోట పట్టు పడుగు దానంతటది మొదలు కాదు. ఒక్కొక్క నూలు పోగు కొసను ఒక్కొక్క పట్టు పోగు కొసతో కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలితిప్పి అతకాలి. ప్రతి చీరకూ వేల అతుకులు. ఆ పనిని తిప్పుడు అంటారు. మగ్గం మీద కూర్చున్న మగవాడిని నేతగాడు అంటారు. తిప్పిన ఆడమనిషిని ఏమంటారంటే, ఏమీ అనరు. ఆ పనికి పేరు పెట్టినవాళ్ళు చేసే మనిషికి పేరు పెట్టడం అవసరమనుకోలేదు.

జోగులమ్మకు యాభై మూడేళ్ళు. పద్దెనిమిదో ఏట అలంపూరు పక్క పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. అప్పటి నుంచి తిప్పుతూనే ఉంది. ఆమె పేరు మీద కూడా పెట్టెలో ఒక చీర ఉంది. నెమలికంఠం రంగు ఒళ్ళు, కుంకుమరంగు అంచు. తొమ్మిదేళ్ళ కిందట, ఒంట్లో ఒకచోట అడ్డపోగు, అంటే పేక, పలచబడి జానెడు మేర గీతలా కనబడుతున్నదని తిరిగొచ్చింది. ఆమె భర్త బాలస్వామి దాన్ని మడతపెట్టి, "నీకుంటది లే" అన్నాడు. ఎప్పటికి ఉంటుందో చెప్పలేదు. చెప్పనవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

పోయిన ఏడు వానాకాలం మొదట్లో ఆమె రవిక చేతులు బిగుసుకుపోయాయి. గంటల తరబడి మగ్గం ముందు వంగి తిప్పే మనిషికి భుజాల దగ్గర కండ పెరుగుతుంది. ఒక మధ్యాహ్నం ఆ రవిక పట్టుకుని కోట పక్క సందులో ఎస్తేరమ్మ కొట్టుకు వెళ్ళింది. ఎస్తేరమ్మ ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్న మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా తిట్టగలదు.

"ఎస్తేరమ్మా, గీ రైక చేతులు జర వదులు చెయ్యి. రెక్కలు పట్టుకపోతున్నయ్."

ఎస్తేరమ్మ రవికను లోపలి వైపు తిరగేసి చూసింది. "ఏడ చేసేదక్కా? లోపల బట్ట ఉంటే గద. ఎవడు కుట్టిండు గిది? వాని చేతులు పడిపోను."

"బజార్ల ఒకాయన."

"కుట్టుకు రెండు వేళ్ళ బట్ట వదలాలె. మనిషన్నంక లావైతది, సన్నమైతది, గర్భమొస్తది, రోగమొస్తది. లోపల వదిలిపెడ్తె ఎప్పుడైన విప్పుకోవచ్చు. వదలకుంటే ఇగ చినుగుడే. గది కుట్టుడు గాదు, మనిషిని మూటగట్టుడు."

కొత్తది కుట్టించుకోవడం తప్ప దారి లేదని తేలింది. అయినా జోగులమ్మ లేవలేదు. ఎస్తేరమ్మ అప్పటికే ఎవరిదో రవికకు చెయ్యి ఎక్కిస్తున్నది. జోగులమ్మ ఆ రెండు ముక్కలనూ చూసింది. చెయ్యి ముక్క పైకి ఉబికిన వంపు. చంక ముక్క లోపలికి తవ్విన వంపు. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఎక్కడా కలవవు. కలవని ఆ రెండింటినీ ఎస్తేరమ్మ సూది కింద పెట్టి, ఒకదాన్ని కొంచెం లాగుతూ, ఒకదాన్ని కొంచెం వదులుతూ, బొటనవేలితో నెట్టుకుంటూ పోయింది. మిషను తొక్కుతున్న పాదం ఆగింది. దారం తెంపి, బట్టను తిరగేసి, ఒక్కసారి దులిపింది.

బట్ట లేచి నిలబడింది. దానిలో ఒక భుజం ఉంది. మనిషి లేడు, భుజం ఉంది.

ముప్పై అయిదేళ్ళలో జోగులమ్మ చూసిన బట్ట అంతా చదునుగానే ఉండేది. మగ్గం మీద చదును, మడతలో చదును, పెట్టెలో చదును, అత్తగారి మీద చదును. పోగు నిలువుగా పోతుంది, లేకపోతే అడ్డంగా పోతుంది. మూడో దారి ఉంటుందని, బట్ట వంపు తిరిగి ఒంటి ఆకారం తెచ్చుకుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోజూ ఒంటి మీద వేసుకున్న రవికే ఆ సంగతి చెబుతున్నా ఇన్నేళ్ళూ వినలేదు. గుండె గబగబా కొట్టుకుంటుంటే ఆమెకు సిగ్గేసింది. వెంటనే, సిగ్గెందుకు అనిపించింది.

"ఇంకో చెయ్యి గూడ కుట్టు. చూస్త."

"సినిమా అనుకుంటున్నవా అక్కా?"

"నాకు నేర్పుతవా?"

ఎస్తేరమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసింది. "నీకా? గీ వయసుల? కండ్లు ఆనుతయా?"

జోగులమ్మ బల్ల మీద సూది తీసుకుంది. దారం కొస తడపలేదు, వెలుతురుకు ఎత్తి పట్టలేదు, ఎస్తేరమ్మ ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. దారం సూది బెజ్జంలోంచి అవతలికి వచ్చింది.

"చీరకు నాలుగు వేల పోగులు తిప్పేదాన్ని. గీ ఒక్కటి నాకు లెక్కనా?"

"అమ్మో," అంది ఎస్తేరమ్మ. "రేపు మధ్యాన్నం రా. పాత బట్ట తెచ్చుకో. కొత్తది తెస్తే తంత."

*

మొదటి రవికతో ఆమె చేసిన తప్పు మగ్గం ఇంటి మనిషి మాత్రమే చేయగలిగిన తప్పు.

పాత దుప్పటి మీద కొలతలు గీసుకుని, ఒక్కొక్క పోగు లాగి, ఆ పోగు పోయిన దారి వెంటే కత్తెర నడిపింది. కోత దర్జీలు కూడా మెచ్చుకునేంత సూటిగా వచ్చింది. మూడు రోజులు కష్టపడి కుట్టింది. తీరా వేసుకోబోతే మోచేతుల దగ్గరే ఆగిపోయింది. ఎస్తేరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"ఎంత కొలిచినవో గంతే కోసినవ్ గదనే అక్కా! కుట్టు ఏడ పడుతదనుకున్నవ్? గాలిలనా?"

"కొలతకు మించి కోస్తే బట్ట దండుగ గాదా?"

"దండుగ గాదు. లోపలుంటది."

"లోపలుంటే ఎవరికి కనపడ్తది?"

"ఎవరికీ కనపడదు. నీకు ఎరికుంటది. చాలదా?"

ఆ ఇంట్లో పట్టు పోగు కొస తెగితే ముడేసి మళ్ళీ వాడతారు. కండెలో చివరి మూర దాకా నేస్తారు. కనబడని చోట ఉండిపోయేందుకు బట్ట వదలడం అనేది ఆమె పెరిగిన లెక్కలో లేదు. ఆ మాటకొస్తే, ఆమె రోజులో కూడా అలా వదిలిన ముక్క ఏదీ లేదు. పొద్దున కండెలు, పొయ్యి, మధ్యాహ్నం తిప్పుడు, సాయంత్రం మళ్ళీ పొయ్యి. కొలత ఎంతో కోత అంత. జోగులమ్మ ఆ బిగుతు రవికను విప్పి, కుట్లన్నీ ఊడదీసి, మళ్ళీ మొదటికి వచ్చింది.

చలికాలం వచ్చేసరికి ఆమె నిలువు కోత వదిలి ఏటవాలు కోతకు వచ్చింది. పోగులను అడ్డగోలుగా నరుక్కుంటూ పోయే ఆ కోత మొదట ఆమెకు ఒళ్ళు జలదరించేలా ఉండేది. ఆ తరువాత తెలిసింది, ఏటవాలుగా కోసిన బట్టే సాగుతుందనీ, సాగిన బట్టే ఒంటిని పట్టుకుంటుందనీ. చంక వంపు మొదటిసారి ముడత లేకుండా కుదిరిన రోజు ఆమె ఆ రవికను అరచేతి మీద నిలబెట్టుకుని సందు చివరిదాకా నడిచింది. కనబడినవాళ్ళకు చూపించింది. ఒకావిడ, "ఎవరికి వదినా?" అని అడిగింది. "ఎవరికీ గాదు. చూడు, ఎట్ల నిలబడ్డదో!" అంది. వనపర్తిలో కొడుకుతో ఉంటున్న కోడలు రోహిణి ఫోటో చూసి, "అత్తమ్మా, నిజంగ నువ్వే కుట్టినవా?" అని అడిగితే, ఆ ప్రశ్నలోని ఆశ్చర్యానికి రెండు రోజులు కోపం పెట్టుకుంది.

సంపాదన కోసం, సంసారానికి ఆసరా కోసం ఆడది కుట్టు నేర్చుకుంటే లోకం చప్పట్లు కొడుతుంది. ఇష్టమై నేర్చుకుంటే, దాని వల్ల ఎవరికీ లాభం లేకుండా నేర్చుకుంటే, ఏదో జబ్బు చేసినట్టు చూస్తుంది. బాలస్వామి చెడ్డవాడు కాడు. పొద్దుపోక పోతున్నదిలే అనుకున్నాడు. ఆమెకు పొద్దు మిగిలిన రోజు ఒక్కటీ లేదని ముప్పై అయిదేళ్ళలో అతని దృష్టికి రాలేదు.

చిక్కు మిషనుతో వచ్చింది. ఎస్తేరమ్మ మోటారు మిషను కొనుక్కుని, పాత తొక్కుడు మిషను జోగులమ్మను తీసుకుపొమ్మంది. "మూలకు పడి తుప్పు పట్టేకంటే నీ కాళ్ళ కిందన్న ఉంటది" అంది. ఆటోలో తెచ్చి, ముందు గదిలో మగ్గానికి ఎదురు గోడకు దించారు. గంట గడవక ముందే పక్కింట్లోంచి వెంకట్రాములు వచ్చాడు.

వెంకట్రాములు బాలస్వామి అన్న. డెబ్బై ఏళ్ళవాడు. ఆ ఇంటి మంచి చెడ్డలన్నీ అతని నోటితోనే తేలుతాయి. ఆ వీధి పద్ధతి ప్రకారం జోగులమ్మ బావగారి ఎదుటికి రాదు. లోపలి గుమ్మం పక్కన, తలుపు చాటున నిలబడి వింటుంది. ఏమైనా చెప్పాలంటే భర్తతో చెప్పినట్టు గోడకు చెబుతుంది. ముప్పై అయిదేళ్ళుగా ఆమె ఆయన పాదాలను చూసిందే తప్ప ముఖం సరిగ్గా చూడలేదు.

"ఏందిరా గిది?" అన్నాడు వెంకట్రాములు.

"కుట్టుమిషినన్నా. ఆమె నేర్చుకుంటున్నది."

"మగ్గమున్న జాగల కత్తెరా? మన తాత నాడు గిట్లాంటిదున్నదా? నేసే చెయ్యి నేస్తది, కోసే చెయ్యి కోస్తది. రెండు ఒక్క కప్పు కింద ఉండయ్."

"పక్క గదిల పెడ్తనన్నా."

"ఇంట్లనే వద్దంటున్న. అయినా గీ వయసుల దర్జీ పనేందిరా ఆమెకు? ఆమెకేం తక్కువ చేసినం? ఆమె పేరు మీద పెట్టెల గద్వాల చీరున్నది. మా అమ్మ లెక్క గౌరవంగ పోతది. గంతకంటె ఏం గావాలె ఆడదానికి?"

తలుపు చాటున జోగులమ్మ చెవిలో ఒకే మాట నిలబడిపోయింది. పోతది. తనకు ఇవ్వదలచిన గౌరవమంతా పోయాకే మొదలవుతుందని ఇంత స్పష్టంగా ఎవరూ ఆమె ఎదుట అనలేదు. సాయంత్రం లోపు మిషను మళ్ళీ ఆటో ఎక్కింది. బాలస్వామి ఆమె ముఖం చూడకుండా పక్కన కూర్చుని దింపి వచ్చాడు.

*

మరునాడు పొద్దున మగ్గం మీది చీర ఒళ్ళు పూర్తయింది. ఇక చెంగు పడుగు అతకాలి. బాలస్వామి మగ్గం దిగి, చేతులు దులుపుకుని, "ఇగ కూసో" అన్నాడు. అది ప్రతి చీరకూ అనే మాటే.

జోగులమ్మ వాకిట్లో బియ్యం ఏరుతున్నది. "తిప్ప," అంది.

"ఏందీ?"

"ఇగ నేను తిప్పను. మీ అన్నను కూసోమను."

బాలస్వామి నవ్వాడు. మధ్యాహ్నానికి నవ్వు తగ్గింది. సాయంత్రానికి తానే బూడిద గిన్నె తెచ్చుకుని కూర్చున్నాడు. పేక పోగు దాటించే నాడె విసిరి విసిరి గట్టిపడిన వేళ్ళు అవి. పట్టు పోగు వాటి మధ్య ఉందో లేదో వాటికి తెలియదు. రెండు రోజుల్లో నూట యాభై అతుకులు వేశాడు. మూడో రోజు పోగులు మెల్లగా ముందుకు లాగితే నూట ఇరవై జారిపోయాయి. వేలవేల నూలు కొసలు మగ్గం ముందు దువ్వని జుట్టులా వేలాడాయి. చెంగు లేని చీర చీర కాదు. అయిదు గజాల మంచి బట్ట, ఆమె రెండు వేళ్ళ కోసం ఎదురుచూస్తూ మగ్గం మీద ఆగిపోయింది.

నాలుగో రోజు వెంకట్రాములు వీధి చివరి సత్తెమ్మను పిలిపించాడు. జోగులమ్మ తరువాత ఆ వీధిలో చెయ్యి తిరిగింది ఆమెకే. సత్తెమ్మ వచ్చింది. వేలాడే కొసలను చూసింది, వాకిట్లో కూర్చున్న జోగులమ్మను చూసింది.

"నా వేళ్ళు నొస్తున్నయ్ మామా," అంది.

"నిన్న మీ ఇంట్ల తిప్పినవ్ గద?"

"నిన్న నొయ్యలే. ఇయ్యాల నొస్తున్నయ్." బయటికి పోతూ జోగులమ్మ పక్కన ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "వదినా, మామ పెట్టె చీర మాటన్నడంట గద. నాక్కూడ ఒకటున్నది. బెల్లంరంగు. నువ్వేం చేస్తున్నవో జర చెప్పి చెయ్యి."

ఆరో రోజు వెంకట్రాములు మళ్ళీ వచ్చాడు. ఈసారి గుమ్మంలో నిలబడకుండా మగ్గం పక్క పీట మీద కూర్చున్నాడు. అది మెత్తబడిన లక్షణం. తలుపు వైపు చూడకుండా తమ్ముడితో అన్నాడు.

"ఆమెకు ఏం గావాల్నో అడుగు."

జోగులమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. మూడడుగులు నడిచి ఆయన ఎదుట నిలబడింది. ముఖం ముసలిది, అలసిపోయినది. ఇంతకాలం తాను భయపడింది ఈ ముఖానికేనా అని ఆమె ఆశ్చర్యపోయింది.

"నన్నే అడుగు బావా. నాకు నోరున్నది."

వెంకట్రాములు తల తిప్పుకున్నాడు. బాలస్వామి, "లోపలికి పోవే, నేను మాట్లాడ్త," అన్నాడు.

"ముప్పై అయిదేండ్లు నువ్వే మాట్లాడినవ్. ఇయ్యాల జర రెస్టు తీసుకో." ఆమె బావగారి వైపు తిరిగింది. "నాకు మిషిని గావాలె. గీ గదిలనే గావాలె. పెట్టెల చీర గావాలె. ఇప్పుడే గావాలె."

"చీరనా? చీర నీదే గద," అన్నాడు వెంకట్రాములు, గోడతో. "ఎవరు కాదన్నరు? కట్టుకో. బతుకంగనే కట్టుకో. మా అమ్మ అడగలే గని, అడిగితే ఇయ్యకపోతుంటిమా? పో, తీసి కట్టుకో. చెంగు తిప్పు."

బాలస్వామి ముఖం విప్పారింది. ఇంత సులువుగా తెగిపోతుందని అతను అనుకోలేదు.

"కట్టుకోను. కత్తిరిస్త. రైకలు కుట్టుకుంట."

బాలస్వామి ముఖం మళ్ళీ ముడుచుకుంది.

"పిచ్చి లేసిందా?" అన్నాడు వెంకట్రాములు. ఆ కోపంలో ఆయన తొలిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. "కట్టుకొమ్మంటున్నం గద? కత్తెరెందుకు?"

"కట్టుకుంటే ఏమైతది బావా? ఒక పండుగకు కట్టుకుంట. మీరే మళ్ళ మడతవెట్టి పెట్టెల పెడ్తరు. నేను పోయిన్నాడు తీస్తరు, కప్పుతరు, నలుగురు మెచ్చుకుంటరు. అత్తమ్మ కాళ్ళకాడ చెంగు సర్దింది నేనే. ఆ అతుకులు నా చేతియే. కత్తిరిస్తే ఇగ దాన్ని ఎవ్వరు కప్పలేరు. అందుకే కత్తిరిస్త."

"కత్తెర పడ్డ బట్ట పోయినోళ్ళ మీద వెయ్యరు. మరి రేపు నీ మీద ఏం కప్పాలె?"

"రేపు నాకు చలి పెట్టదు బావా."

బాలస్వామి నోటి చివర నవ్వు లాంటిదేదో మెదిలి, అన్న ముఖం చూసి అణిగిపోయింది.

"మగ్గమున్న ఇంట్ల కత్తెర..." వెంకట్రాములు గొంతులో పట్టు సగం పోయింది.

"చీర మగ్గం దించేటప్పుడు బ్లేడు పెడ్తలేరా? పడుగు కోస్తలేరా?"

"అది కోసుడు గాదు. దించుడు."

"పోగుకు అడుగు బావా, అది కోసుడో దించుడో." ఆమె చేతులు కట్టుకుంది. "పొద్దున్నుంచి మధ్యాన్నం దాక తిప్పుత. మధ్యాన్నం నుంచి మిషిని తొక్కుత. ఆ టైంల నన్ను ఎవ్వరు పిలవొద్దు. ఇష్టమైతే చెప్పుర్రి. లేకుంటే ఆ కొసలు గట్లనే ఉండనియ్యిర్రి, మంచిగనే ఉన్నయ్ చూడనీకి."

వెంకట్రాములు లేచాడు. సరే అనలేదు, కూడదనీ అనలేదు. గుమ్మం దగ్గర చెప్పుల కోసం తడుముకుంటూ, "కాలం పాడైంది," అన్నాడు.

"కాలం పనిలనే ఉన్నది బావా. మనమే ఆలిశ్యం," అంది జోగులమ్మ.

*

ఆ మధ్యాహ్నమే బాలస్వామి ఎవరితో చెప్పకుండా వెళ్ళి మిషను తెచ్చాడు. వెనకే ఎస్తేరమ్మ కూడా ఆటోలోంచి దిగింది, టేపు మెడలో వేసుకుని. ఈ కోత తాను చూడకపోతే బతుకంతా బాధపడతానంది.

పెట్టె తెరిచారు. కర్పూరం వాసనతో చీర బయటికి వచ్చింది. తొమ్మిదేళ్ళుగా మడతల్లో ఉండి గీతలు పడింది, రంగు మాత్రం నిన్న నేసినట్టుంది. జోగులమ్మ నేల తుడిచి, చాప పరిచి, దాని మీద చీర పరిచింది. సుద్దముక్కతో గీసింది. కొలతకు అవతల కుట్టు కోసం మూడు వేళ్ళు వదిలింది.

"రెండు చాలక్కా," అంది ఎస్తేరమ్మ.

"మూడుండనీ. నేనింక లావైత."

బాలస్వామి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఆమెకు వీపు తిప్పి కూర్చున్నాడు. నేయడానికి ఏమీ లేదు. అయినా కూర్చున్నాడు. కత్తెర మొదటి కోత వేసింది. నూలు తెగే చప్పుడు, ఆ వెంటే అంచులోకి వచ్చేసరికి పట్టు తెగే చప్పుడు. రెండు వేరు వేరు చప్పుళ్ళని ఆ గదిలో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. అతని భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఆమె చెయ్యి ఆగలేదు. సూటిగా సాగి, చంక దగ్గర వంపు తిరిగి, ఛాతీ ముక్క కోసం ఏటవాలుగా మళ్ళింది. తాను పోగు పోగూ కాపాడుకుంటూ వచ్చిన బట్టను తన చేతితోనే అడ్డంగా కోస్తుంటే ఏడుపు వస్తుందేమోనని ఆమె ముందే భయపడింది. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది.

చాలాసేపటి తరువాత బాలస్వామి తల తిప్పకుండానే అన్నాడు. "ఆ గీత పడ్డ జాగ చంక కిందికి పోనియ్యి. కనపడదు."

తొమ్మిదేళ్ళుగా ఆ తప్పు అతన్ని ఎంత గుచ్చుతున్నదో ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా సుద్దగీత మార్చలేదు.

"ఎడమ చేతి మీద పెట్టిన. కనపడనియ్యి. గదే లేకుంటే చీర నాదాక వచ్చేది గాదు గద."

అతను మగ్గం కట్టెను అరచేత్తో తుడుస్తూ, "నా తప్పేలే. ఆ పొద్దు జ్వరముండె," అన్నాడు.

"ఎరికే. కషాయం కాసింది నేనే."

ఎస్తేరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. వాటి వెనక నుంచి తిట్టగలిగే మనిషి, ఈసారి నవ్వుకుంది.

చీరలో ఆరు రవికలు వచ్చాయి. ఒకటి ఎస్తేరమ్మకు. ఒకటి రోహిణికి. ఒకటి సత్తెమ్మకు. ఆమె తన బెల్లంరంగు చీర సంచిలో పెట్టుకుని మరీ వచ్చి కూర్చుంది, ఎప్పుడు నేర్పుతావని. మిగతా రెండు, తిప్పుడు పని చేసే మరో ఇద్దరి కొలతలకు. మొదటిది జోగులమ్మది.

మూడో రోజు పొద్దున ఆమె దాన్ని తొడుక్కుంది. మోచేతుల దాకా చేతులు, వాటి చివర కుంకుమరంగు పట్టంచు, ఎడమ చేతి మీద జానెడు గీత. అద్దంలో వెనకకు తిరిగి, భుజం కదిపి చూసుకుంది. ఎక్కడా పట్టలేదు. లోపల మూడు వేళ్ళ బట్ట ఉన్న సంగతి ఆమెకే తెలుసు. పైన పాత పాలిస్టర్ చీర చుట్టుకుని, బూడిద గిన్నె ముందు పెట్టుకుని మగ్గం ఎదుట కూర్చుంది. తొమ్మిది రోజులుగా వేలాడుతున్న నూలు కొసల్లో మొదటిదాన్ని పట్టు కొసతో కలిపి తిప్పింది. అతుకు నిలిచింది.

పదింటికి గుమ్మంలో నీడ పడింది. వెంకట్రాములు. తిప్పుడు మొదలైందని విని వచ్చాడు. జోగులమ్మ లేవలేదు, కొంగు తల మీదికి లాక్కోలేదు. ఆయన చూపు ఆమె చేతి మీది పట్టంచు దగ్గర ఆగింది. తల్లి మీద కప్పినప్పుడు చూసిన అంచు లాంటిదే. ఇక్కడ అది ఆమె వేళ్ళతో పాటు కదులుతున్నది.

"లోపలికి రా బావా. చెంగు ఎల్లుండికైతది. నీ అంగీ భుజం కాడ చినిగింది, మధ్యాన్నం పంపియ్యి. కుడ్త."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీది చిరుగు దగ్గరికి పోయింది. లోపలికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

తిప్పుతుంటే బూడిద వేలు జారి కుడి చేతి పట్టంచు మీద రాసుకుంది. జరీ మీద బూడిదరంగు చార పడింది. పెట్టెలో ఉండే చీరకైతే ఇల్లంతా గోల లేచేది. జోగులమ్మ ఆ చారను చూసింది. తుడవలేదు. తరువాతి పోగు అందుకుంది.